ఆటలో పేరు, ఓటులో బాధ్యత

ఆటల్లో దేశానికి పేరు తెచ్చినవాళ్ళు రాజకీయాల్లోకి రావడం ఈ రోజుల్లో వింత కాదు. పార్టీలు పిలిచి మరీ కండువా కప్పుతున్నాయి. తెలిసిన ముఖం కదా అని జనమూ ఆదరిస్తున్నారు. ఇది మంచిదా, చెడ్డదా అని అడిగితే సాధారణంగా రెండు జవాబులు వినిపిస్తాయి. దేశం కోసం చెమటోడ్చిన మనిషి ప్రజల కోసం పనిచెయ్యడా అంటారు కొందరు. బంతి కొట్టడం వచ్చినంత మాత్రాన పాలన చేతనవుతుందా అంటారు మరికొందరు. ఈ రెండు జవాబులూ అసలు ప్రశ్న దాకా వెళ్ళడం లేదని నేననుకుంటాను. ఆట మనిషికి నలుగురూ వినే గొంతునిస్తుంది. ఆ గొంతుతో ఎవరి మాట పలుకుతాడన్నది రాజకీయం. మొదటిది ప్రతిభతో, సాధనతో వస్తుంది. రెండోదాన్ని జనం మధ్య మసలి సంపాదించుకోవాలి. మొదటిది ఉంది కదా అని రెండోదాన్ని ఉన్నట్టే లెక్కేసుకుంటే ఏమవుతుందో, రెండూ ఒకే మనిషిలో కలిస్తే ఎంత మేలు జరుగుతుందో చెప్పడానికి చరిత్రలో గట్టి దాఖలాలున్నాయి. వాటిలో ఒకటి మన తెలుగువాళ్ళ మధ్యే జరిగింది.

1936లో ఇంగ్లండు వెళ్ళిన భారత క్రికెట్ జట్టును తలుచుకుందాం. ఆ జట్టులో ముగ్గురిని పక్కపక్కన నిలబెట్టి చూస్తే మన విషయానికి కావలసిన సాక్ష్యమంతా దొరుకుతుంది. కెప్టెన్ విజయనగరం మహారాజకుమార్, అంటే పూసపాటి విజయానంద గజపతిరాజు. క్రికెట్ లోకానికి ఆయన ‘విజ్జీ’. రెండోవారు సి.కె. నాయుడు. పుట్టింది నాగపూర్‌లోనైనా తెలుగు కుటుంబం. 1932లో భారతదేశం ఆడిన మొట్టమొదటి టెస్టుకు కెప్టెన్ ఆయనే. మూడోవారు మద్రాసులో స్థిరపడిన తెలుగు కుటుంబానికి చెందిన కోట రామస్వామి. దక్షిణాదిన భారతీయులకు క్రికెట్ నేర్పిన బుచ్చిబాబు నాయుడి కుమారుడు. ముగ్గురూ తెలుగువాళ్ళే, ముగ్గురూ దేశం తరఫున ఆడినవాళ్ళే. కానీ దేశం తరఫున నిలబడడమంటే ఏమిటో ముగ్గురి నడవడిలో మూడు రకాలుగా కనిపిస్తుంది.

రామస్వామి గురించి ముందు చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ తరానికి ఆయన పేరు బొత్తిగా తెలియదు. రెండు వేర్వేరు ఆటల్లో దేశానికి ప్రాతినిధ్యం వహించిన అరుదైన మనిషి. 1922లో డేవిస్ కప్పులో భారతదేశం తరఫున టెన్నిస్ ఆడారు. ఆ తరవాత పద్నాలుగేళ్ళకు, నలభయ్యో ఏడు నిండిన నెల తిరగ్గానే మాంచెస్టర్‌లో మొదటి క్రికెట్ టెస్టు ఆడారు. ఎడమచేతి బ్యాటింగ్. మొదటి ఇన్నింగ్సులో 40, రెండో ఇన్నింగ్సులో 60 పరుగులు. తరవాత ఓవల్ టెస్టులో 29, అజేయంగా 41. రెండే టెస్టులు, మొత్తం 170 పరుగులు. యువకులు తడబడిన పిచ్‌ల మీద నలభై ఏళ్ళ మనిషి ఒక్కసారి కూడా చిన్న స్కోరుకు అవుటవలేదు. ఇంత పేరున్నా ఆయన ఎన్నికల వైపు పోలేదు. 1952–53లో వెస్టిండీస్ వెళ్ళిన భారత జట్టుకు మేనేజరుగా బాధ్యత తీసుకుని, తనకు తెలిసిన రంగంలోనే సేవ చేశారు. రెండు ఆటల్లో దేశానికి ఆడిన ఘనత మాత్రాన ప్రజా ప్రతినిధి అయిపోవాలన్న నియమమేమీ లేదు. పోనందువల్ల ఆయన విలువ తగ్గలేదు కూడా.

విజ్జీ దారి వేరు. అప్పట్లో భారత జట్టు ఇంగ్లండు వెళ్ళాలంటే రాజుల డబ్బు కావాలి. డబ్బు ఇచ్చినవారికీ, వారి వర్గానికీ కెప్టెన్సీ మీద కన్ను ఉండేది. 1932 పర్యటనకు పోరుబందర్ మహారాజాను కెప్టెన్‌గా పెట్టారు. తన ఆట టెస్టు స్థాయిది కాదని ఆయనకు తెలుసు. లార్డ్స్ టెస్టు నాటికి తాను తప్పుకుని నాయుడికి పగ్గాలు అప్పగించారు. అధికారం చేతిలో ఉండగా తనకన్నా సమర్థుడికి చోటిచ్చిన ఆ నిర్ణయం ఆయన చేసిన పరుగులన్నిటికంటే గొప్పది. నాలుగేళ్ళు తిరిగేసరికి అదే ప్రశ్న విజ్జీ ముందుకు వచ్చింది. బోర్డులో మద్దతు కూడగట్టుకుని ఆయన కెప్టెన్ అయ్యారు. నాయుడు ఆయన కింద ఆడారు. విజ్జీ తప్పుకోలేదు. మూడు టెస్టుల్లోనూ తానే దిగి మొత్తం 33 పరుగులు చేశారు. లార్డ్స్‌లోనూ ఓవల్‌లోనూ భారత్ 9 వికెట్ల తేడాతో ఓడింది. మాంచెస్టర్‌లో విజయ్ మర్చంట్, ముస్తాక్ అలీ మొదటి వికెట్టుకు 203 పరుగులు జోడించడంతో డ్రా దక్కింది. ఓవల్‌లో నాయుడు ఒంటి మీద గట్టి దెబ్బ తిని కూడా క్రీజు వదలకుండా 81 పరుగులు చేశారు. ఎసెక్స్ మీద రెండు ఇన్నింగ్సుల్లోనూ సెంచరీలు కొట్టిన లాలా అమర్‌నాథ్‌ను మొదటి టెస్టుకు ముందే క్రమశిక్షణ పేరుతో ఓడ ఎక్కించి ఇంటికి పంపేశారు. తరవాత బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బోమాంట్ అధ్యక్షతన విచారణ సంఘం వేశారు. 1937 మొదట్లో వచ్చిన ఆ నివేదిక అమర్‌నాథ్‌ను నిర్దోషిగా తేల్చింది. ఫీల్డర్లను నిలబెట్టడం, బౌలర్లను మార్చడం కెప్టెన్‌కు తెలియదనీ, బ్యాటింగ్ వరస ఒక పద్ధతిలో లేదనీ తప్పుపట్టింది.

ఈ వివరాలన్నీ విజ్జీని తక్కువ చేయడానికి చెప్పడం లేదు. ఆయన క్రికెట్‌కు చేసిన మేలును కూడా లెక్కలో వెయ్యాలి. జాక్ హాబ్స్, సట్‌క్లిఫ్ వంటి దిగ్గజాలను 1930–31లో మన దేశానికి రప్పించి మన కుర్రవాళ్ళతో ఆడించారు. 1954 నుంచి కొంతకాలం క్రికెట్ బోర్డుకు అధ్యక్షులుగా ఉన్నారు. ఉత్తరప్రదేశ్‌లో ఆట నిలదొక్కుకోవడానికి పాటుపడ్డారు. ఒకనాడు తన కింద ఆడించిన సి.కె. నాయుడినే పిలిపించి, అరవై దాటిన వయసులో 1956–57 రంజీ పోటీల్లో ఆ రాష్ట్రానికి కెప్టెన్‌గా పెట్టారు. రేడియోలో క్రికెట్ వ్యాఖ్యానం చెప్పారు. 1958లో పద్మభూషణ్ అందుకున్నారు. రాజకీయాల్లోనూ ఆయనది పొడవైన ప్రయాణమే. 1937లో యునైటెడ్ ప్రావిన్సెస్‌లో కొద్దికాలం న్యాయశాఖ మంత్రి. 1960లో మన విశాఖపట్నం నుంచి లోక్‌సభ సభ్యుడు. 1965లో కాశీలో కన్నుమూశారు. అయినా ఆయన పేరెత్తగానే ఎనభై తొంభై ఏళ్ళ తరవాత కూడా 1936 పర్యటనే గుర్తుకొస్తుంది. తన వెనక ఉన్న పదిమంది తరఫున నిలబడవలసిన చోట, తన కోసం నిలబడ్డారన్న మచ్చ అది. ఎవరో ఇచ్చిన కుర్చీలో కూర్చోవడం తేలిక. ఆ కుర్చీ ఎవరి కోసం ఉందో గుర్తుంచుకోవడంలోనే నాయకత్వం ఉంది. ఆ పాఠం శాసనసభకూ, పార్లమెంటుకూ అక్షరాలా వర్తిస్తుంది.

విజ్జీ అసలు సిసలు ఆటగాడు కాదు, రాజవంశం వల్ల జట్టులోకి వచ్చారు, కాబట్టి ఆయన ఉదాహరణ చెల్లదు, నిజమైన క్రీడాకారుడికి క్రమశిక్షణ, ఓర్పు, జట్టు స్ఫూర్తి సహజంగా ఉంటాయి, అవి రాజకీయాల్లో కూడా పనికొస్తాయి అని ఎవరైనా అనవచ్చు. న్యాయమైన అభ్యంతరమే. అందుకని ఆటలో ఎవరూ వంక పెట్టలేని మనిషినే తీసుకుందాం. ఇంగ్లండుకు చెందిన సి.బి. ఫ్రై క్రికెట్‌లో దేశానికి కెప్టెన్. ఫుట్‌బాల్‌లోనూ ఇంగ్లండు తరఫున ఆడారు. 1893లో లాంగ్ జంప్‌లో అప్పటి ప్రపంచ రికార్డును అందుకున్నారు. 1901లో వరసగా ఆరు ఫస్ట్‌క్లాస్ సెంచరీలు కొట్టారు. పైగా పెద్ద చదువు చదివిన పండితుడు. ఇటువంటి మనిషి లిబరల్ పార్టీ తరఫున 1922లో బ్రైటన్, 1923లో బాన్‌బరీ, 1924లో ఆక్స్‌ఫర్డ్, ఇలా మూడుసార్లు పార్లమెంటుకు పోటీ చేసి మూడుసార్లూ ఓడిపోయారు. ఓడిపోవడం తప్పు కాదు. కలవరపెట్టే సంగతి మరొకటుంది. 1934లో జర్మనీ వెళ్ళి హిట్లర్‌ను కలిసిన ఫ్రై ఆయన్ను మెచ్చుకున్నారు. మైదానంలో బౌలర్ చేతి మలుపు చూసి బంతి ఎటు తిరుగుతుందో పసిగట్టగల కంటికి, ఒక దేశాన్ని నాశనం వైపు నడిపిస్తున్న మనిషి కళ్ళెదుటే ఉన్నా ఆనలేదు. ఆటలో పదును తేలిన బుద్ధి దానంతటదే రాజకీయ వివేకంగా మారదని చెప్పడానికి ఇంతకన్నా రుజువు అక్కరలేదు. ఆ వివేకాన్ని వేరుగా నేర్చుకోవాలి.

అయితే ఆటగాళ్ళు రాజకీయాల జోలికే రాకూడదా? ఇది రెండో వాదం. దీనితో నేను ఏకీభవించను. రాజకీయాలు ఆటను వదిలిపెట్టలేదు కదా, ఆటగాడు మాత్రం రాజకీయాలకు ఎందుకు దూరంగా ఉండాలి? మన క్రీడా సంఘాల్లో ఏళ్ళ తరబడి అధ్యక్ష పీఠాల మీద కూర్చున్నది ఎక్కువగా నాయకులూ, అధికారులే. క్రికెట్ బోర్డు పదవుల్లో మంత్రులూ ప్రభుత్వోద్యోగులూ ఉండకూడదన్న లోధా సంఘం సిఫారసును సుప్రీంకోర్టు 2016లో ఆమోదించవలసి వచ్చిందంటేనే పరిస్థితి అర్థమవుతుంది. 2022లో పి.టి. ఉష రాజ్యసభకు నామినేట్ అయి, అదే ఏడాది చివర భారత ఒలింపిక్ సంఘానికి అధ్యక్షురాలైనప్పుడు, పరుగు పందెంలో కాలు మోపిన మనిషి ఆ కుర్చీలోకి రావడానికి ఇన్నాళ్ళు పట్టిందా అని ఆశ్చర్యపోయినవాళ్ళున్నారు. ఆటగాళ్ళు రాకపోతే ఆ చోటు ఖాళీగా ఉండదు. ఆట తెలియనివాళ్ళు నింపుతారు.

ఇక ఆటలో సంపాదించిన గొంతును జనం కోసం వాడితే ఏం జరుగుతుందో చెప్పడానికి జైపాల్ సింగ్ ముండా జీవితమే చాలు. ఛోటానాగపూర్ అడవి పల్లెలో పుట్టిన ముండా బిడ్డ. ఆక్స్‌ఫర్డ్‌లో చదివారు. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మొట్టమొదటి హాకీ స్వర్ణం గెలిచిన భారత జట్టుకు కెప్టెన్. ఆ పోటీలకు వెళ్ళడానికి ఐ.సి.ఎస్. ఉద్యోగాన్నే వదులుకున్నారు. ఆ ఘనత చెప్పుకుంటూ హాయిగా బతకవచ్చు. ఆయన మాత్రం 1939లో ఆదివాసీ మహాసభ నాయకత్వం తీసుకున్నారు. 1946 డిసెంబరులో రాజ్యాంగ సభలో లేచి నిలబడి, తాను అడవి మనిషినని గర్వంగా ప్రకటించుకున్నారు. ఆదివాసులకు ప్రజాస్వామ్యం కొత్తగా నేర్పనక్కరలేదనీ, వాళ్ళ దగ్గరే మిగతావాళ్ళు నేర్చుకోవాలనీ రాజ్యాంగ సభకు చెప్పారు. ఆదివాసుల భూమి చేతులు మారకుండా రక్షణ కావాలని చివరిదాకా పట్టుబట్టారు. 1952 నుంచి 1970లో కన్నుమూసేదాకా లోక్‌సభలో కొనసాగారు. ఇది మనకు దూరపు సంగతి అనిపించవచ్చు. కానీ మన ఏలూరు జిల్లా పైభాగాన బుట్టాయగూడెం, పోలవరం ఏజెన్సీలో కోయలు, కొండరెడ్లు ఈ రోజు తమ భూమి మీద హక్కు చెప్పుకోవడానికి ఆధారం రాజ్యాంగంలోని అయిదో షెడ్యూలు, దాని అండతో వచ్చిన 1970 నాటి 1/70 చట్టం. అటువంటి రక్షణ కోసం రాజ్యాంగ సభలో గొంతెత్తినవారిలో ఒక హాకీ కెప్టెన్ ఉన్నాడని మనం మరిచిపోకూడదు. ఆయన ఒలింపిక్ పతకం ఆ సభ చేత ఆయన మాట వినిపించింది. ఆ మాట మాత్రం ఆయన జనానిది. బ్రిటన్‌కు చెందిన ఫిలిప్ నోయెల్ బేకర్ కూడా ఈ కోవలోని మనిషే. 1920 ఒలింపిక్స్‌లో 1500 మీటర్ల పరుగులో రజతం గెలిచి, ఆ పైన దశాబ్దాలపాటు నిరాయుధీకరణ కోసం పోరాడి, 1959లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్నారు.

ఈ మనుషులందరినీ పోల్చి చూస్తే తేడా ఎక్కడుందో తెలిసిపోతుంది. పేరు ఎక్కడికైనా ప్రయాణం చేస్తుంది. ప్రాతినిధ్యం అలా ప్రయాణం చెయ్యదు. మన హైదరాబాదు బిడ్డ మహమ్మద్ అజారుద్దీన్ 1984–85లో మొదటి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు కొట్టి, మొత్తం 99 టెస్టులు ఆడిన మహా ఆటగాడు. 2009లో ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్ నుంచి లోక్‌సభకు గెలిచారు. 2014లో అక్కడ కాకుండా రాజస్థాన్‌లోని టోంక్–సవాయ్ మాధోపూర్ నుంచి పోటీచేసి ఓడారు. 2023లో జూబ్లీహిల్స్‌లోనూ ఓటమే ఎదురైంది. 2025లో తెలంగాణ మంత్రివర్గంలో చేరారు. ఇందులో ఒక వ్యక్తిని తప్పుపట్టడం కన్నా పార్టీల అలవాటును గమనించాలి. ముఖం తెలిస్తే చాలు, ఏ ఊరైనా ఒకటే అన్నట్టు టికెట్లు ఇస్తారు. మొరాదాబాద్ ఇత్తడి పనివాళ్ళ బాధ వేరు, సవాయ్ మాధోపూర్ రైతు బాధ వేరు. అయిదేళ్ళు ఒక చోట తెలుసుకున్నది మరో చోట ఎంతవరకు పనికొస్తుంది? క్రికెటర్ అంబటి రాయుడు 2023 డిసెంబరు ఆఖరులో ఒక పార్టీలో చేరి, పది రోజులు తిరక్కుండానే బయటికి వచ్చారు. మనసు కుదరనప్పుడు తప్పుకోవడం నిజాయితీయే. కానీ ఈ తొందర పార్టీలదీ, మనదీ కూడా. పేరున్న మనిషి దొరికితే చాలనుకునే మన ఆత్రం ఈ చేరికలకు విలువ తెచ్చిపెడుతోంది.

ఇప్పుడు మన ప్రాంతానికి వద్దాం. రేపు ఒక అంతర్జాతీయ క్రీడాకారుడు తణుకులోనో, తాడేపల్లిగూడెంలోనో, ఏలూరులోనో ఓటు అడగడానికి వచ్చాడనుకోండి. ఆయన ముందు నిలిచే సమస్యలేమిటి? కొల్లేరునే తీసుకోండి. 1999లో అయిదో కాంటూరు వరకూ అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్న చిత్తడి నేల అయింది. 2006లో ప్రభుత్వం చేపల చెరువుల గట్లు కొట్టించింది. హద్దును మూడో కాంటూరుకు కుదించాలని శాసనసభ తీర్మానించింది. కుదించనక్కరలేదని నిపుణుల సంఘం చెప్పింది. జిరాయితీ పట్టా ఉన్న రైతుది ఒక మాట, సరస్సు మీదే బతికే లంక గ్రామాల మత్స్యకారులది ఒక మాట, పక్షుల గురించీ నీటి గురించీ ఆలోచించేవారిది ఒక మాట. తమ్మిలేరు, బుడమేరు పొంగి వచ్చినప్పుడు ఆ నీరంతా ఉప్పుటేరు గుండా సముద్రానికి పోవాలి. దారి మూసుకుపోతే మునిగేది ఊళ్ళు. ఇందులో ఎవరినీ ఓడించి గెలవడానికి వీల్లేదు. ఆటలో అవతలి జట్టు ఓడితేనే మనం గెలిచినట్టు. కొల్లేట్లో అవతలి జట్టు కూడా మన ఓటర్లే. దాళ్వాకు నీళ్ళు చాలనప్పుడు కాలువకు వంతులు పెట్టి శివారు భూములకు తడి అందించడం కూడా అంతే. ఎగువ రైతుకు కోపం రాకుండా, దిగువ రైతు చేను ఎండకుండా చూడాలి. దీనికి కావలసిన ఓర్పు ఆటలో నేర్చుకున్న ఓర్పుకు దగ్గరిదే కావచ్చు. కానీ ఆ విషయ పరిజ్ఞానం గట్ల మీద తిరిగితే తప్ప రాదు.

స్థానిక సమస్యలు తెలుసుకోవడానికి అధికారులున్నారు, సలహాదారులున్నారు, నాయకుడు మంచి మనసున్నవాడైతే చాలు అనేవాళ్ళు కూడా ఉన్నారు. మంచి మనసు కావలసిందే. అయితే సలహాదారులు ఇద్దరు రెండు మాటలు చెప్పినప్పుడు ఎవరి మాట వినాలో నిర్ణయించవలసింది నాయకుడే. ఆ నిర్ణయం అనుభవం నుంచి రావాలి. 1936లో విజ్జీ జట్టులోనూ నాయుడు ఉన్నారు, మర్చంట్ ఉన్నారు, సలహాకు కొదవలేదు. వినే తీరు లేకపోయింది.

కాబట్టి శ్రోతలారా, క్రీడాకారుడు ఓటు అడగడానికి వస్తే, పతకాలు చూసి చేతులెత్తి దండం పెడదాం. అది ఆయన సాధించుకున్న గౌరవం. ఆ తరవాత ఓటరుగా మూడు సంగతులు అడుగుదాం. ఆట ఆడుతున్న రోజుల్లో తనకన్నా సమర్థుడికి చోటిచ్చిన సందర్భం ఉందా? ఎన్నికలకు ముందు ఎన్నేళ్ళ నుంచి ఈ మనుషుల మధ్య ఉన్నాడు, ఎవరి పని మీద ఎవరి గుమ్మం ఎక్కాడు? ఓడిపోతే ఇక్కడే ఉంటాడా, మరో నియోజకవర్గం చూసుకుంటాడా? పోరుబందర్ మహారాజా మొదటి ప్రశ్నకు జవాబిచ్చారు. జైపాల్ సింగ్ మిగతా రెండిటికీ జీవితంతో జవాబిచ్చారు. ఈ ప్రశ్నలు క్రీడాకారులనే అడగనక్కరలేదు. సినిమా నటుడినీ, వ్యాపారినీ, నాయకుడి కొడుకునీ కూడా అడగవచ్చు, అడగాలి. కాకపోతే ఆటగాడు ఒక విషయంలో అదృష్టవంతుడు. జట్టు కోసం ఆడడమంటే ఏమిటో ఆయనకు ఒంట్లో తెలుసు. ఆ తెలివిడిని జనం వైపు మళ్ళించే శ్రమకు ఆయన సిద్ధపడితే, మన శాసనసభలకూ పార్లమెంటుకూ అంతకన్నా కావలసిన మనిషి ఉండడు. మన బడుల మైదానాల్లో ఈ రోజు కబడ్డీ కూత పెడుతున్న పిల్లల్లో అటువంటివాళ్ళు ఉన్నారనే నా నమ్మకం. వాళ్ళకు ఆటతోపాటు ఊరి కాలువనూ, కొల్లేటినీ, ఏజెన్సీనీ చూపించడం, వాటి గురించి మాట్లాడించడం పెద్దలుగా, ఉపాధ్యాయులుగా మన వంతు పని. ఆ పని ఇప్పుడు మొదలుపెడితేనే రేపు ఓటు అడిగేవాడికి జవాబులుంటాయి, మనకూ అడిగే హక్కు ఉంటుంది.